కళ్ళ చప్పుడు

అద్దం చూడండి, అద్దం చూడండి అని రోజంతా చెప్పడమే ఆమె ఉద్యోగం. ఆ మధ్యాహ్నం మాత్రం తన అద్దంలోకి తనే చూడలేకపోతోంది. చూపు ఎడమ నుంచి కుడికి కదిలితే చాలు, తల లోపల ఎవరో తడి చేత్తో స్విచ్చి వేసినట్టు చురుక్కుమని కరెంటు పాకి, నాలుక చివరిదాకా వచ్చి, మోకాళ్ళలోకి దిగిపోతోంది. ఆ లిప్తపాటు లోకం ఉండదు. తర్వాత వస్తుంది గానీ కొంచెం పక్కకు జరిగి వస్తుంది, ఎవరో బల్ల జరిపి ఊడ్చి మళ్ళీ సరిగ్గా పెట్టనట్టు. ఈమధ్య కళ్ళు కదిలితే చప్పుడు కూడా వినిపిస్తోంది, ఇసుక నేల మీద చీపురు లాగినట్టు సర్రుమని. కళ్ళకు చప్పుడుంటుందని ఎవరితో చెప్పుకోగలదు? అందుకే కనుగుడ్లు బిగబట్టి, మెడతో సహా తల మొత్తాన్ని తిప్పడం అలవాటు చేసుకుంది. స్టీరింగు ముందు కూర్చుని కారు నేర్చుకుంటున్న కేకులావిడ అది గమనించి, మేడమ్ ఎంత శ్రద్ధగా చూస్తారో అనుకుని, తనూ అలాగే తల తిప్పడం మొదలుపెట్టింది. పక్కనుంచి పోయేవాళ్ళకు ఒకే కారులో రెండు గుడ్లగూబలు కనిపించి ఉంటాయి.

డ్రైవింగు స్కూలు కారు కాబట్టి దానికి రెండు బ్రేకులు. నేర్చుకునేవాళ్ళ కాలి కింద ఒకటి, నేర్పేవాళ్ళ కాలి కింద ఒకటి. ఆ పక్క సీటులోనే ఆమెకు ఏళ్ళు గడిచాయి. చేతులు ఖాళీగా ఉంటాయి, కళ్ళకు మాత్రం క్షణం తీరిక ఉండదు. ముందు చూడాలి, వెనక చూడాలి, నేర్చుకునేవాళ్ళు చూడనిదల్లా తను చూడాలి. జీతమంతా ఆ చూపుకే. అలాంటిది చూపు కదిలితేనే భయం వేస్తుంటే, వంటవాడికి నిప్పు భయం పట్టుకున్నట్టుంది ఆమె బతుకు. సెలవు పెట్టొచ్చు. పెడితే ఎందుకని స్కూలు పెద్దాయన అడుగుతాడు, మొగుడు అడుగుతాడు, అడిగితే చెప్పాలి, చెప్తే ఆ మాత్ర సంగతి రావాలి, తను చేసిన పని బయటపడాలి. ఇంకో రెండు రోజులు ఓర్చుకుంటే పోతుందిలే అనుకుంటూనే ఇన్ని రోజులు ఓర్చుకుంది.

మలుపు రాగానే కేకులావిడ ఊపిరి బిగబట్టింది. వయసులో పెద్దదని ఆమె ఈవిడను అక్కా అంటుంది, నేర్పే మనిషి గనుక ఈవిడ ఆమెను మేడమ్ అంటుంది. అంతస్తులు అంతస్తులుగా పెళ్ళి కేకులు చేసి ఇళ్ళకు పంపే వ్యాపారం ఈవిడది. ఇన్నాళ్ళూ భర్త బండి నడిపితే, వెనక సీట్లో కేకును చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆయనకు చూపు మందగించింది. ఇక తనే నేర్చుకోక తప్పింది కాదు. మరీ నెమ్మదని చెప్పి లైసెన్సు పరీక్షలో ఒకసారి ఫెయిల్ చేశారు. వెనక సీట్లో ఎవరికీ కనబడని కేకు ఒకటి ఉన్నట్టే నడుపుతుంది, మలుపు దాటాక హమ్మయ్య, ఒరగలేదు అని గొణుక్కుంటుంది. మామూలు రోజైతే ఆమెకు నవ్వు వచ్చేది. ఆవేళ ఆ గొణుగుడు కూడా చెవిలో గుండుసూదిలా దిగింది. నోరు మూసుకుని నడపండి అనబోయి, మాట పళ్ళ వెనకే ఆపుకుని, తన తొడను తనే గిల్లుకుంది.

నిన్న పొద్దున కూతురి మీద అలా ఆపుకోలేకపోయింది. తడి తువ్వాలు మంచం మీద పడేసిందని, అంతే. ఏమేం అందో సగం గుర్తులేదు. పిల్ల ముఖం మాత్రం గుర్తుంది. ఏడవలేదు, ఎదురు చెప్పలేదు, తలుపు వేసుకున్నట్టు ముఖం మూసుకుంది. ఆ ముఖం ఆమెకు తెలుసు, చాలా ఏళ్ళ కిందట ఒకసారి చూసింది. అప్పుడు పిల్ల ఆమె నడుము ఎత్తు కూడా లేదు. ఆమె మనసు కుంగిపోయిన ఆ చెడ్డ ఏడాదికి కారణమంటూ చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఎవరూ చనిపోలేదు, ఎవరూ వదిలిపోలేదు, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. కారణం లేకపోవడమే ఆమెకు ఎక్కువ సిగ్గుగా ఉండేది. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఎందుకు తిప్పిందో తెలియక, కట్టడానికి చెయ్యి లేవక, బకెట్టు నిండి పొర్లి నీళ్ళు గుమ్మం దాటి హాల్లోకి పోతుంటే చూస్తూ నిలబడింది. పిల్లే వచ్చి కుళాయి కట్టేసింది. తువ్వాలు తెచ్చి నేల తుడిచింది, అదే తువ్వాలుతో అమ్మ పాదాలు కూడా తుడిచింది. ఆ వారమే మొగుడు ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

అబద్ధమాడటం ఎందుకు, డాక్టరమ్మ రాసిన ఆ మాత్ర ఆమెను బతికించింది. కొన్ని వారాలకు పాదాలు నేలకు ఆనాయి. కుళాయి కుళాయిలా కనిపించింది. ఉద్యోగంలో చేరింది, అన్నం వండింది, పిల్ల స్కూలుకు వెళ్ళి టీచర్లతో మాట్లాడింది. దుఃఖం పోయింది. దానితోపాటు ఇంకేవో కూడా పోయాయని చాలాకాలం తెలియలేదు. దొంగ వెళ్ళిపోయాక ఇంట్లో ఏం పోయాయో ఒక్కటొక్కటిగా తెలిసినట్టు తెలిసింది. పాట వింటే పాట వినిపించేది, అంతే. మొగుడు భుజం మీద చెయ్యి వేస్తే బరువు తెలిసేది, చెయ్యి తెలిసేది కాదు. ఒక ఆదివారం గోళ్ళు కత్తిరించుకుంటూ కూతురు మామూలుగా అనేసింది: “అమ్మా, నువ్వు నవ్వినప్పుడు నీ మూతి నవ్వుతుంది. నువ్వు నవ్వవు.” కోపంగా అనలేదు, బయట మబ్బు పట్టింది అన్నట్టు అంది. అందుకే ఆ మాట అంత లోతుకు దిగింది.

మాత్ర మానేస్తానంటే డాక్టరమ్మ వద్దనలేదు. ఇన్నాళ్ళు నిలకడగా ఉన్నారు, తగ్గించి చూద్దాం, కానీ మెట్టు మెట్టుగా దిగాలి అంది. ఒక మెట్టు దిగి, ఒళ్ళు కుదుటపడ్డాకే ఇంకో మెట్టు. నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. చివరి మెట్లు చూడటానికి చిన్నవే, అసలు కష్టం అక్కడే. ఏ మెట్టు దగ్గర తల తిరిగినా ఆగి నాకు ఫోన్ చెయ్యండి అని చెప్పింది. ఆమె బుద్ధిగా తలూపి వచ్చింది. మొదటి మెట్టుకు కాస్త వికారం, కాస్త నిద్రలేమి, అంతే. రెండో మెట్టు దిగిన కొన్నాళ్ళకు కూరగాయల కొట్టులో టమాటాలు అంత ఎర్రగా ఉంటాయా అని నిలబడిపోయింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం కూతురు వాళ్ళ పెద్దమ్మ మాట్లాడే తీరును అనుకరించింది, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, కళ్ళు పైకి తేలేసి, జబ్బేంటే నీకు, తిన్నదరక్క, నాలుగు ఇళ్ళల్లో పాచిపని చేస్తే అన్నీ పోతాయి అని. ఆమెకు నవ్వు వచ్చింది. ఆగలేదు. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతూ, నేల మీద కూర్చుని నవ్వింది. వంటగదిలోంచి మొగుడు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చి, విషయం తెలియకపోయినా తనూ నవ్వడం మొదలుపెట్టాడు. ముగ్గురూ అలా ఎంతసేపు నవ్వారో.

ఆ నవ్వే కొంప ముంచింది. ఎన్నాళ్ళుగానో పస్తులున్న మనిషికి ఒక్క ముద్ద పెట్టి ఆగమంటే ఆగుతుందా? మిగిలిన మెట్లన్నీ ఎందుకు, రేపే నేల మీద నిలబడొచ్చు కదా, రేపే పాట పాటలా వినొచ్చు కదా. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. నిదానమే ప్రధానం అని కారెక్కిన ప్రతివాళ్ళకూ చెప్పే మనిషి, మిగిలిన మాత్రలను సొరుగులోకి నెట్టి, ఆ మెట్లన్నీ ఒక్కసారిగా దూకేసింది. ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే తగ్గిస్తున్నాను అని మొగుడితో అంది. ఒకటి రెండు రోజులు గాలిలో తేలినట్టుంది, గెలిచాననుకుంది. తర్వాత మొదలైంది. ముందు చెమటలు, పిండితే కారేటంత. తర్వాత తల లోపలి కరెంటు. కలలు, కలలు కావవి, గోడలు లేని సినిమా హాలు, అందులో చచ్చిపోయినవాళ్ళు బట్టలు ఆరేస్తుంటారు, తను లేచినా వాళ్ళు ఆరేస్తూనే ఉంటారు. టీవీలో సబ్బు ప్రకటన చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. గ్లాసు కింద పెట్టిన చప్పుడుకు మొగుణ్ణి చంపేయాలనిపించింది. వీటన్నిటి కిందా ఒక ప్రశ్న చెదపురుగులా తొలుస్తోంది: ఇది మందు మానేసిన బాధా, పాత జబ్బు తిరిగొచ్చిన బాధా? మందు మానినదైతే ఓర్చుకుంటే పోతుంది. జబ్బే అయితే ఓర్చుకునేకొద్దీ అది లోపలికొచ్చి సామాను సర్దుకుంటుంది. తిరిగి మాత్ర వేసుకుంటే ఓడిపోయినట్టు, వేసుకోకపోతే మునిగిపోయేట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కారు కూడలి దగ్గర ఆగింది. కేకులావిడ మలుపు తిరగాలి. ఇండికేటరు టిక్కుటిక్కుమంటోంది, ఆ ప్రతి టిక్కూ ఆమె కణతల మీదే పడుతోంది. కేకులావిడ తనవైపు రోడ్డు చూసింది, తల మొత్తం తిప్పి చూసింది. రెండోవైపు చూడాల్సింది పక్క సీటు మనిషి. ఆమె తల తిప్పింది. కళ్ళు బిగబట్టడం మర్చిపోయింది. చురుక్కుమంది. ఈసారి వెలుగంతా ఒక్కసారి ఊడిపోయి, రోడ్డూ ఆకాశమూ లేని తెల్లటి చోటు ఒకటి వచ్చింది, అందులోకి ఎక్కడినుంచో, వెళ్ళొచ్చా మేడమ్ అనే మాట వచ్చింది. అలవాటు పడ్డ నోరు దానంతట అదే జవాబు చెప్పింది.

“వెళ్ళండి.”

కారు కదిలింది. లోకం తిరిగొచ్చేసరికి బానెట్ ముందు ఒక సైకిలు ఉంది, సైకిలు మీద నడివయసు మనిషి ఉన్నాడు, అతని నోరు తెరుచుకుని ఉంది. ఆమె కాలు బ్రేకు మీదే ఉంది. ఉండి కూడా నొక్కలేదు, అది ఎవరి కాలో అన్నట్టు ఊరుకుంది. నొక్కింది కేకులావిడ. కారు గుంజుకుని ఆగింది, సైకిలతను అరచెయ్యి బానెట్ మీద ఆనించి పడబోయి నిలదొక్కుకున్నాడు, హ్యాండిలుకు తగిలించిన సంచీలోంచి పాల సీసా జారి రోడ్డు మీద భళ్ళుమంది. అతను ముందు అద్దంలోంచి కేకులావిడ వంకే చూసి, కళ్ళు కనబడవా నీకు అని అరిచాడు. గాజు ముక్కల వంక ఒకసారి, తన మోకాలి వంక ఒకసారి చూసుకుని, తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

కాస్త ముందుకు పోయి, గోడౌను గోడ పక్కన ఆపించింది. అవతల పెద్ద రోడ్డు, లారీలు పోతున్నాయి. కేకులావిడ స్టీరింగు మీద నుదురు ఆనించి ఏడుస్తోంది. తప్పంతా నాదే మేడమ్, నాకిది రాదు, ఈ వయసులో ఎందుకొచ్చిన సరదా, ఒక మనిషిని చంపేసేదాన్ని. ఆమె వింటూ కూర్చుంది. ఊఁ అంటే చాలు. పర్లేదు అక్కా, నేర్చుకునేటప్పుడు మామూలే అంటే, ఉద్యోగం ఉంటుంది, రహస్యం ఉంటుంది, ఈవిడ ఇంటికెళ్ళి బండి తాళాలు అటక మీద పడేస్తుంది. అనడానికి నోరు తెరిచింది కూడా.

“అక్కా, తప్పు మీది కాదు. నేను చూడకుండా వెళ్ళమన్నాను.”

“చూశారుగా మేడమ్. మీరు తల తిప్పడం నేను చూశాను.”

“తల తిప్పాను. నాకేమీ కనబడలేదు.”

తర్వాత ఆగకుండా చెప్పేసింది. మాత్ర సంగతి, మెట్ల సంగతి, కరెంటు సంగతి, చివరికి కళ్ళ చప్పుడు సంగతి కూడా. ఓదారుస్తుందనుకోలేదు, ఓదార్చలేదు కూడా. కేకులావిడ ముఖం తుడుచుకుని, చూపు మందగించిన సంగతి మా ఆయన కూడా ఇలాగే దాచాడు అంది. దాచిపెట్టి నన్ను ఊరంతా తిప్పాడు, ఒక గోడకు గుద్దుకున్నాక గానీ చెప్పలేదు. మీరూ అంతేనా, చెప్పేది ఒకటి చేసేది ఒకటి, నన్ను చంపేసేవాళ్ళే కదా అంది. గొంతు పెంచలేదు. ఆ మాట నిజం. ఆమె కిటికీ అద్దంలోంచి లారీల వంక చూస్తూ కూర్చుంది.

అప్పుడు తల లోపలినుంచి ఒక మాట వచ్చింది. ఆమె గొంతుతోనే వచ్చింది. దిగు, ఇక చాలు. కొత్త మాట కాదు, నాలుగైదు రోజులుగా ఇంటి గోడల వెనక గొణుగుతున్నదే. కానీ ఇంత దగ్గరగా, ఇంత మామూలుగా, కూరలో కాస్త ఉప్పు వెయ్యి అన్నంత మామూలుగా ఎప్పుడూ అనలేదు. నీ పిల్ల ముఖం మూసుకోనక్కర్లేదు, నీ మొగుడు గ్లాసు నెమ్మదిగా పెట్టనక్కర్లేదు, ఈవిడకు ఇంకో మంచి టీచరు దొరుకుతుంది, తలుపు తీసుకుని నడువు. ఆమెకు భయం వేయలేదు. భయం వేయడం లేదేమిటని ఆశ్చర్యపడి కిందకు చూసింది. తన చెయ్యి తలుపు పిడి మీద ఉంది. ఎప్పుడు పెట్టిందో తెలియదు. అప్పుడు వేసింది భయం, చెంబుడు చన్నీళ్ళు కుమ్మరించినట్టు.

“అక్కా, తలుపులు లాక్ చెయ్యండి.”

“ఎందుకు?”

“నేను దిగకూడదు.”

కేకులావిడ ఆ చేతిని చూసింది, రోడ్డును చూసింది. కోపం ఏమైందో, ముఖంలోంచి పోయింది. తనవైపు మీట నొక్కింది, నాలుగు తలుపులూ టపటపా పడ్డాయి. తర్వాత వంగి, పిడి మీది వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. పిండి పిసికి పిసికి రాటుదేలిన చేతులు, నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాయి. ఎవరికి చెయ్యాలి ఫోన్, చెప్పండి అంది. మొగుడు లిఫ్టులు బాగుచేసే మనిషి, ఏ బావిలాంటి చీకట్లో వేలాడుతున్నాడో, ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. డాక్టరమ్మ నంబరుకు చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తి, మేడమ్ పేషెంట్లతో ఉన్నారు, సాయంత్రం చెయ్యండి అన్నాడు. ఆమె సరేనండి అనబోతుంటే కేకులావిడ ఫోన్ లాక్కుంది.

“బాబూ, ఆవిడ నా పక్కనే ఉంది. నేను చెయ్యి వదిలితే రోడ్డు మీదకు పోయేట్టుంది. డాక్టరుగారికి ఇప్పుడే ఇవ్వు.”

తన గురించి అలా బయటికి వినడం విచిత్రంగా ఉంది. నిజమని అప్పుడే తెలిసింది. డాక్టరమ్మ లైన్లోకి వచ్చింది. ఎప్పుడు ఆపేశారు, ఎంత నుంచి ఆపేశారు అని అడిగింది, తిట్టలేదు. ఆ తర్వాత, ఆమెను ఇంతవరకు ఎవరూ అడగని మాట, చుట్టూ తిప్పకుండా అడిగింది.

“చచ్చిపోవాలనిపిస్తోందా?”

“అనిపిస్తోంది. నేను అనుకోవడం లేదు డాక్టరుగారూ. అనిపిస్తోంది.”

“అర్థమైంది. మంచిపని చేశారు చెప్పి. ఆవిడ చెయ్యి వదలకండి. మీవాళ్ళు ఎవరొస్తే వాళ్ళతో ఇప్పుడే రండి.”

ఇది జబ్బా, మందు మానినందుకా అని ఆమె అడిగింది. ఇన్నాళ్ళూ ఆ ఒక్క జవాబు కోసమే కాచుకున్నట్టు అడిగింది. ఇప్పుడే చెప్పలేను, రెండూ ఒకే చొక్కా వేసుకుని వస్తాయి అంది డాక్టరమ్మ. ముందు మిమ్మల్ని నిలబెట్టుకోవాలి, మందు మళ్ళీ మొదలుపెట్టాలి, ఏదన్నది తీరిగ్గా తేల్చుకుందాం. ఆ జవాబులో ఊరట లేదు. కానీ తెలియదని ఒకరు ధైర్యంగా అనడం విన్నాక, తెలుసుకోవాల్సిన పని తనొక్కదానిదే కాదనిపించింది. అంతకుమించి ఏమీ తేలికపడలేదు. లారీలు పోతూనే ఉన్నాయి, ఆ గొంతు గొణుగుతూనే ఉంది, కేకులావిడ పట్టు మాత్రం సడలలేదు.

మొగుడు తనే తిరిగి ఫోన్ చేసి, తోటి మెకానిక్కు బండి మీద వచ్చాడు. గ్రీజు చేతులు, నుదుటి మీద ఇనుము గీరుకున్న గాయం. లాక్ తీయగానే వంగి ఆమె ముఖం చూశాడు. ఆమెను వెనక సీట్లోకి మార్చాడు, కేకులావిడ చెయ్యి వదలకుండానే ఆమె పక్కకు మారింది. అతను నడుపుతున్నాడు. ఎర్ర లైటు దగ్గర, అద్దంలోకి కాకుండా రోడ్డు వంకే చూస్తూ, నాకు చెప్పాల్సింది అన్నాడు, ఒక్కసారే. పిల్లకు ఏం చెప్దాం అని ఇంకాసేపటికి అడిగాడు. ఉన్నదే చెప్దాం అంది. ఆ రెండు ముక్కలు అనడానికి కొండ ఎక్కినంత అయింది. పిల్ల ముఖం మళ్ళీ మూసుకుంటుందేమో. మూసుకుంటే మూసుకోనీ, తలుపు బయట కూర్చోవాలి. కూర్చునే ఓపిక ఉంటుందా తనకు? తెలియదు. రేపు తల ఎలా ఉంటుందో తెలియదు.

ఆస్పత్రి ముందు గదిలో బల్ల వెనక ఒక నర్సు కూర్చుని ఉంది. లోపలికి వచ్చిన ముగ్గురినీ ఎగాదిగా చూసింది. ఒకాయనకు నుదుటి మీద రక్తం, ఒళ్ళంతా మసి. ఒక పెద్దావిడకు ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు, రేగిన జుట్టు. మధ్యలో డ్రైవింగు స్కూలు యూనిఫామ్ ఇస్త్రీ చెదరకుండా, జుట్టు నున్నగా దువ్వుకుని నిలబడ్డ ఈమె. నర్సు లేచి వచ్చి కేకులావిడ భుజం పట్టుకుని, కూర్చోండమ్మా, ఎప్పటినుంచి బాగోలేదు అని అడిగింది. కేకులావిడ నోరు తెరిచి, ఏం చెప్పాలో తెలియక ఆమె వంక చూసింది. మొగుడూ ఆమె వంక చూశాడు. ఇద్దరిలో ఎవరూ ఆమె బదులు మాట్లాడలేదు.

“ఆవిడకు కాదండి,” అంది. గొంతు సన్నగా వచ్చింది, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. “ఆవిడకు కాదు. నాకు.”